నొక్కకపోతే ఎట్లా?

మొన్న పండక్కి మానుకోట వెళ్ళా. (బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉన్నా మాకెప్పుడూ మానుకోటే.) కంప్యూటర్లు చదివినోడు ఇంటికొస్తే ఊరుకుంటారా? బాబాయ్ తన లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు. ఆరా తీస్తే తెలిసిందేంటంటే, బ్రౌజర్లో ప్రైవసీ సెట్టింగులు చూసుకోమని ఎవరో చెప్పారట. వెతికితే ఏదో పేజీ తెరుచుకుని, "మీ వివరాలు బయటికి పోతున్నాయి, చెక్ చెయ్యాలంటే ఇది ఇన్‌స్టాల్ చేసుకోండి" అందట. చేసేశాడు.

"ఎందుకు నొక్కినవ్ బాబాయ్?" అంటే, "అదే అడుగుతాంది కదరా, నొక్కకపోతే ఎట్లా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే ఇది బాబాయ్ ఒక్కడి తప్పు కాదు. ఈ అలవాటుకి పాతికేళ్ళు దాటిన చరిత్ర ఉంది.

1996లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3 తో పాటు యాక్టివ్ ఎక్స్ తెచ్చింది. వెబ్ పేజీ నుంచే ప్రోగ్రాం దిగి మన మెషీన్లో నడుస్తుందన్నమాట. రక్షణ ఏంటంటే డిజిటల్ సంతకం, "ఎస్", "నో" అని రెండు బటన్లు. అంతే! అదే ఏడాది ఫ్రెడ్ మెక్‌లేన్ అనే ప్రోగ్రామర్ "ఎక్స్‌ప్లోడర్" అని ఓ కంట్రోల్ రాసి, దానికి వెరిసైన్ సర్టిఫికెట్ కూడా సంపాదించాడు. అది చేసే పని? విండోస్ 95ని షట్‌డౌన్ చెయ్యడం. సంతకం చెప్పేది ఎవరు రాశారన్నదే, రాసినవాడు మంచోడా అన్నది కాదు. 2001 జనవరిలో అయితే, మైక్రోసాఫ్ట్ ఉద్యోగినని చెప్పుకున్న ఎవరికో వెరిసైన్ ఆ కంపెనీ పేరు మీదే రెండు సర్టిఫికెట్లు ఇచ్చేసింది!

ఇక మన తెలుగువాళ్ళకి ఇంకో తర్ఫీదు. యూనికోడ్ రాకముందు ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు, అది దిగితే తప్ప వార్త కనపడేది కాదు. ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా రావాలంటే రీజినల్ సెట్టింగ్స్‌లో టిక్కు పెట్టి సీడీ వెయ్యాలి. చదవాలంటే ముందు ఏదో ఒకటి ఎక్కించాల్సిందే అని మన చేతికి అలవాటైపోయింది.

2001లో ఎక్స్‌ప్లోరర్ 6 లో ప్రైవసీ ట్యాబ్ వచ్చింది. అది చూసేది ముఖ్యంగా కుకీల సంగతే. ఇన్‌స్టాల్ అడిగే పెట్టె మాత్రం అలాగే ఉంది. 2004 ఆగస్టులో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చాకే ఆ పెట్టె నెత్తి మీదకి రాకుండా, పేజీ పైన ఓ పసుపు పట్టీలోకి పోయింది.

2005లో సోనీ బీఎంజీ ఆడియో సీడీలు చెప్పకుండా రూట్‌కిట్ ఎక్కించిన గొడవ గుర్తుందా? దాన్ని తీసెయ్యాలన్నా ముందు ఓ యాక్టివ్ ఎక్స్ ఎక్కించుకోవాలి. ఆ కంట్రోల్ మెషీన్లోనే ఉండిపోయి, ఏ వెబ్‌సైట్ అయినా మన మెషీన్లో ప్రోగ్రాం నడిపేలా తలుపు తెరిచిందని ప్రిన్స్‌టన్ పరిశోధకులు తేల్చారు. రోగం కన్నా మందు ప్రమాదం!

2008 డిసెంబర్లో అమెరికా ఎఫ్‌టీసీ విన్‌ఫిక్సర్, డ్రైవ్‌క్లీనర్ లాంటివి అమ్మినవాళ్ళ మీద కేసు పెట్టింది. ఉత్తుత్తి స్కాన్ చూపించి, భయపెట్టి, పది లక్షల మందికి పైగా అంటగట్టారు. 2012లో ఆ కేసులో ఒక ప్రతివాది మీద 16.3 కోట్ల డాలర్ల తీర్పొచ్చింది.

యాక్టివ్ ఎక్స్‌ని నమ్ముకున్న ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్‌లో రిటైరైపోయింది. ఉపాయం మాత్రం కాలేదు. ఇప్పుడది ఎక్స్‌టెన్షన్ వేషంలో వస్తోంది. "అన్ని సైట్లలో మీ డేటా చదవడం, మార్చడం" అనే ఒక్క అనుమతి ఇస్తే చాలు, ఏ కుకీకీ అందనంత దానికి అందుతుంది.

నాకనిపించేది ఏంటంటే, ప్రైవసీ చూసుకుందామని వెళ్ళిన మనిషి అప్పటికే భయంతో ఉంటాడు. అందుకే ఆ పెట్టె సరిగ్గా అక్కడే కాపు కాస్తుంది. బ్రౌజర్ ప్రైవసీ సెట్టింగులు బ్రౌజర్లోనే ఉంటాయి, చూడ్డానికి ఏదీ దించుకోనక్కర్లేదు. మంచి ఎక్స్‌టెన్షన్లు లేవని కాదు. అవి మనం వెతుక్కుని పెట్టుకునేవి, మీద పడి అడిగేవి కాదు.

అన్నీ పీకేసి బాబాయ్‌తో ఒకటే అన్నా: "తాళం సరిగ్గా పడ్డదో లేదో చూస్తా అని వచ్చినోడు చెవులు ఇమ్మంటే ఇస్తవా?"

కాసేపు ఆలోచించి, "మరి నువ్వు గూడ లాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగితివి కదరా" అన్నాడు.

ఈసారి నొక్కే ముందు ఆలోచిస్తాడనే నమ్మకం కుదిరింది!