గోల్డెన్ రిట్రీవర్ వంశచరిత్ర: మేనరికం మీద ఒక పాఠం



రోగి ఎదుట కూర్చోగానే వైద్యుడు తెలుసుకోగోరేది కుటుంబ చరిత్ర. తల్లిదండ్రులకు ఏ జబ్బులున్నాయి, వారిది మేనరికమా అన్న ప్రశ్నలు లేకుండా కేసు షీటు పూర్తి కాదు. ముమ్మిడివరంలో ఈ రెండవ ప్రశ్న వేసినప్పుడు కొందరు చిన్నబుచ్చుకునేవారు. "సొంత మేనమామకే ఇచ్చామండీ, తప్పేముంది?" అనేవారు. తప్పు పట్టడానికి కాదు, ఆ ప్రశ్నకు వేరే కారణం ఉంది. దానిని బోధపరచడానికి, నేడు మన ఊళ్ళలోనూ పిల్లలు ముచ్చటపడి అడుగుతున్న గోల్డెన్ రిట్రీవర్ అనే కుక్కజాతి చరిత్రను మీ ముందుంచుతున్నాను.

ఈ జాతి పుట్టిల్లు స్కాట్లాండ్ ఉత్తర భాగంలోని గూషకన్ ఎస్టేటు. దాని యజమాని డడ్లీ మార్చ్‌బ్యాంక్స్, తరువాతి కాలంలో లార్డ్ ట్వీడ్‌మౌత్ అయినవాడు. తుపాకి దెబ్బకు నీటిలో పడిన పక్షిని పంటిగాటు పడకుండా నోట కరచుకొని తెచ్చే కుక్క ఆయనకు కావలసి వచ్చింది. 1865లో ఆయన నౌస్ అనే పసుపు రంగు మగకుక్కను సంపాదించాడు. అది నల్లని రిట్రీవర్ల ఈతలో పుట్టిన ఏకైక పసుపు పిల్ల అని చెబుతారు. 1868లో దానిని బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్‌తో జతపరచగా నాలుగు పిల్లలు పుట్టాయి. నాలుగూ పసుపే. వాటిలో కౌస్లిప్ అనే ఆడపిల్ల ఈ జాతికంతటికీ మూలపుటమ్మ వంటిది.

రష్యా సర్కస్ కుక్కల నుండి ఈ జాతి వచ్చిందని చాలాకాలం ఒక కథ ప్రచారంలో ఉండేది. ఎస్టేటులో 1835 నుండి 1890 వరకు వ్రాసి ఉంచిన కుక్కల చిట్టా 1952లో వెలుగులోకి రావడంతో ఆ కథ వీగిపోయింది. ఏ కుక్కను దేనితో కలిపారో ఆ చిట్టాలో ఉన్నందువల్లనే మనకు ఈ పాఠం దక్కింది.

నల్లని తల్లిదండ్రులకు పసుపు పిల్ల ఎట్లా పుట్టింది? ప్రతి లక్షణానికీ తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి జన్యువులు వస్తాయి. పసుపు రంగు జన్యువు అంతర్గతమైనది. నలుపు జన్యువు పక్కన ఉన్నంత కాలం అది బయటపడదు. ఇరువైపుల నుండి పసుపు జన్యువే అందినప్పుడు పిల్ల పసుపుగా పుడుతుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఇట్లా ఒక్కొక్క జన్యువు దాగి ఉంటే, పుట్టబోయే ప్రతి బిడ్డలోనూ అది బయటపడే అవకాశం నాలుగింట ఒక వంతు. మనం మెచ్చుకునే ఆ బంగారు రంగు ఇట్లా దాగి బయటపడినదే.

ఇప్పుడు చిట్టాలోని బంధుత్వం చూడండి. కౌస్లిప్‌కు ఒక ఎర్రని సెట్టర్ వల్ల పుట్టిన కొడుకు జాక్. మరొక కుక్క వల్ల పుట్టిన కూతురు టాప్సీ. టాప్సీ కూతురు జోయీ. జాక్‌ను జోయీతో జతపరిచారు. మన వరుసల్లో చెప్పాలంటే మేనమామకు మేనకోడలినిచ్చారు! తండ్రులు వేరైనందున, వాటి సంతానంలో ఒకే పూర్వికురాలి జన్యువు రెండు వైపుల నుండీ కలిసే అవకాశం 16లో 1 వంతు. మనుషుల్లో బావామరదళ్ళ సంతానానికీ ఇంతే. సొంత మేనమామ, మేనకోడళ్ళ సంతానానికైతే 8లో 1 వంతు.

కోరుకున్న రంగు, సాధుగుణం ఈ పద్ధతిలో స్థిరపడ్డాయి. 1920లో ఈ జాతికి గోల్డెన్ రిట్రీవర్ అన్న పేరు ఖాయమైంది. అయితే రంగు ఏ ద్వారాన వచ్చిందో, కొన్ని జబ్బులూ ఆ ద్వారాననే వచ్చాయి. రెటీనా క్షీణించి చూపు పోయే వ్యాధి, చర్మం చేప పొలుసుల్లా ఊడే ఇక్తియోసిస్ ఈ జాతిలో అంతర్గత జన్యువుల వల్ల కలుగుతాయి. ఇక్తియోసిస్‌కు కారణమైన పీఎన్‌పీఎల్‌ఏ1 అనే జన్యువును 2012లో శాస్త్రవేత్తలు ఈ కుక్కల్లో గుర్తించారు. అదే జన్యువులో లోపమున్న మనుషులకూ అదే జబ్బు ఉన్నట్లు ఆ పరిశోధనలోనే తేలింది. ప్రకృతి మనకొక నియమం, కుక్కకొక నియమం పెట్టలేదు.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. బంధుత్వం లేని దంపతులకు పుట్టుకతో లోపాలున్న బిడ్డ కలిగే అవకాశం నూటికి సుమారు 2–3. బావామరదళ్ళ సంతానంలో అది దాదాపు రెట్టింపు. అంటే వారి పిల్లల్లోనూ అత్యధికులు ఆరోగ్యవంతులే. కానీ వంశంలో చెవుడు, చూపు లోపం, కండరాల క్షీణత, పసితనపు మరణాలు ఉంటే ఆ మాట దాచకండి. ఇప్పటికే మేనరికం చేసుకున్నవారు తల్లిని నిందించడం మాని, గర్భధారణకు ముందే జన్యు సలహా తీసుకోండి. బిడ్డ పుట్టగానే వినికిడి పరీక్ష చేయించండి. సంబంధం ఇంకా కుదరనివారు బయటి సంబంధాన్ని కూడా ఆలోచించండి.

ఇక పిల్లల ముచ్చట తీర్చదలచినవారికి రెండు మాటలు. కుక్కపిల్ల తల్లిదండ్రుల కళ్ళకూ తుంటి కీళ్ళకూ జరిపిన పరీక్షల కాగితాలు అడిగి చూడండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. చలిదేశపు రెండు పొరల బొచ్చు గల ఈ జీవానికి మన కోనసీమ ఉక్క కఠిన పరీక్ష; మధ్యాహ్నం నడిపించకండి, నీడ, నీరు తప్పనిసరి. ఎంత సాధువైనా రేబిస్ టీకా మానకండి.

కుక్కపిల్లను కొనేముందు వంశవృక్షం అడుగుతున్న మనం, బిడ్డకు సంబంధం చూసేటప్పుడు కూడా ఆ ప్రశ్న వేయడానికి సంకోచించనక్కరలేదు.