వాహన దానం (అమెరికా సంయుక్త రాష్ట్రాలు)

వాహన దానం అనగా అవసరం తీరిన కారును గాని, మరొక మోటారు వాహనాన్ని గాని దాని సొంతదారు అమ్ముకొనకుండా ఒక ధార్మిక సంస్థకు ఉచితంగా ఇచ్చివేయడం. ఈ పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బాగా వ్యాప్తిలో ఉన్నది. కార్లే కాక మోటారు సైకిళ్ళు, పడవలు, చిన్న విమానాలు కూడా ఈ విధంగా దానం చేయబడుతుంటాయి. పాత కారు సులభంగా వదిలిపోవడం, ఒక మంచి పనికి తోడ్పడ్డామన్న తృప్తి, ఆదాయపు పన్నులో కొంత తగ్గింపు - ఈ మూడూ దాతలను ఆకర్షించే అంశాలు. అయితే దాత తన కారుకు కట్టుకొన్న విలువకు, సంస్థకు చివరకు చేరే సొమ్ముకు మధ్య చాలా తేడా ఉండవచ్చును. ఈ తేడా కారణంగానే 2004లో ఆ దేశపు పన్ను చట్టంలో ముఖ్యమైన మార్పు జరిగింది.

నేపథ్యం

అమెరికాలో ధార్మిక సంస్థలకు ఇచ్చే విరాళాలపై ఆదాయపు పన్ను మినహాయింపు 1917 నుండి ఉన్నది. విరాళం డబ్బు రూపంలోనే ఉండవలసిన అవసరం లేదు. దుస్తులు, ఇంటి సామాను, కంపెనీ వాటాలు, భూమి వంటివి కూడా ఇవ్వవచ్చును. వాహనం కూడా ఆ కోవలోనిదే.

ఆ దేశంలో చాలా ప్రాంతాలలో సొంత కారు లేనిదే ఉద్యోగానికి గాని, అంగడికి గాని వెళ్ళడం కష్టం. అందువలన ఒక కుటుంబానికి రెండు, మూడు కార్లు ఉండడం సాధారణం. పాతబడిన కారును కొత్త కారు కొనేటప్పుడు డీలరుకు మార్పిడిగా ఇస్తే వచ్చే ధర తక్కువ. స్వయంగా అమ్మాలంటే ప్రకటనలు, బేరసారాలు, అపరిచితుల రాకపోకలు తప్పవు. ఇంటి ముందుకే లారీ వచ్చి, కారును ఉచితంగా తీసుకొనిపోతుందన్న ప్రకటన ఇటువంటి వారికి సౌకర్యంగా తోచింది. 1990వ దశకం నాటికి రేడియోలోను, పత్రికలలోను, రహదారుల పక్కనున్న పెద్ద పలకల మీదను ఇటువంటి ప్రకటనలు విరివిగా కనిపించసాగాయి.

దానం జరిగే విధానం

దాత ఫోను ద్వారా గాని, ఇంటర్నెట్ ద్వారా గాని సంస్థకు వాహనం వివరాలు తెలియజేస్తాడు. సంస్థ పంపిన వాహకుడు వచ్చి కారును తీసుకొనిపోతాడు. కదలని కారునైనా చాలా సంస్థలు స్వీకరిస్తాయి. ఆ సమయంలో దాత వాహన యాజమాన్య పత్రంపై సంతకం చేసి అప్పగించాలి. ఈ పత్రాన్ని అక్కడ 'టైటిల్' అని వ్యవహరిస్తారు.

చాలా సంస్థలకు కార్లను అమ్మే అనుభవం గాని, నిలిపి ఉంచే స్థలం గాని ఉండదు. అందుచేత ఈ పనిని అవి మధ్యవర్తి సంస్థలకు అప్పగిస్తాయి. ఫోనుకు సమాధానం చెప్పడం, కారును తరలించడం, వేలం వేయడం, రశీదు పంపడం అన్నీ మధ్యవర్తే చూసుకొంటాడు. మధ్యవర్తికి ప్రతిఫలం రెండు విధాలుగా ఉంటుంది. కొన్ని ఒప్పందాలలో అమ్మకపు ధరలో ఇంత శాతమని, మరికొన్నింటిలో ఒక్కొక్క కారుకు ఇంత సొమ్మని నిర్ణయిస్తారు.

వాహనం ఏమవుతుంది?

దానంగా వచ్చిన కారు సాధారణంగా ఈ క్రింది మార్గాలలో ఏదో ఒకదానిని చేరుతుంది.

* వేలం: ఎక్కువ కార్లు వేలంలో పాత కార్ల వ్యాపారులకు అమ్ముడుపోతాయి. వచ్చిన సొమ్ములో ఖర్చులు పోగా మిగిలినది సంస్థకు చేరుతుంది.
* తుక్కు: నడవని కార్లను తుక్కు వ్యాపారులు కొంటారు. నూనెలు, బ్యాటరీ తీసివేసి, పనికివచ్చే భాగాలను విడదీసి, మిగిలిన లోహాన్ని కరిగించడానికి పంపుతారు. పొగను శుద్ధి చేసే భాగంలో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలు ఉంటాయి.
* సంస్థ సొంత వాడకం: వృద్ధులకు భోజనం చేరవేయడం వంటి పనులకు సంస్థే కారును వాడుకొంటుంది.
* పేదలకు ఇవ్వడం: కారును బాగుచేయించి, అవసరమైన కుటుంబానికి ఉచితంగా గాని, చాలా తక్కువ ధరకు గాని ఇస్తారు.

చివరి రెండు మార్గాలలో కారు కారుగానే ఉపయోగపడుతుంది. మొదటి రెండింటిలో అది కేవలం డబ్బుగా మారుతుంది. ప్రకటనలు చూసి తమ కారు ఎవరో పేదవారికి చేరుతుందని దాతలు భావించడం కద్దు. కాని అధిక భాగం కార్ల విషయంలో అది జరగదు.

2003 నాటి పరిశీలన

అమెరికా పార్లమెంటు తరఫున ప్రభుత్వ వ్యయాన్ని పరిశీలించే సంస్థ 2003 నవంబరులో వాహన దానాలపై ఒక నివేదిక ప్రచురించింది. దాని అంచనా ప్రకారం 2000 పన్ను సంవత్సరంలో సుమారు 7,33,000 మంది పన్ను చెల్లింపుదారులు వాహన దానం చేసినట్లు చూపారు. దీనివలన వారు చెల్లించవలసిన ఆదాయపు పన్నులో తగ్గిన మొత్తం సుమారు 65.4 కోట్ల డాలర్లు.

ఆ నివేదికలో 54 వాహనాల చరిత్రను విడివిడిగా పరిశీలించారు. వాటిలో మూడింట రెండు వంతుల వాహనాల విషయంలో, దాత చూపిన విలువలో 5 శాతం లేదా అంతకంటే తక్కువ మాత్రమే ధార్మిక సంస్థకు చేరింది. నివేదికలో చూపిన ఒక ఉదాహరణలో 1983 నాటి ట్రక్కుకు దాత 2,400 డాలర్ల విలువ కట్టాడు. వేలంలో దానికి 375 డాలర్లు వచ్చాయి. మధ్యవర్తి ప్రతిఫలం, ప్రకటనల ఖర్చు పోగా సంస్థకు మిగిలినది 31 డాలర్ల 50 సెంట్లు.

ఇందులో దాత చట్టాన్ని అతిక్రమించాడని చెప్పలేము. అప్పటి నిబంధన ప్రకారం వాహనపు మార్కెట్ విలువను మినహాయింపుగా చూపవచ్చును. పాత కార్ల ధరల పుస్తకంలోని ధరనే చాలామంది యథాతథంగా వేసుకొనేవారు. ఆ ధర మంచి స్థితిలోని కారుకు వర్తించేది. దానంగా వచ్చే కార్లలో చాలా వాటికి మరమ్మతులు అవసరమయ్యేవి. పైగా వ్యాపారులకు జరిగే వేలంలో ధర తక్కువగా పలుకుతుంది. ఈ విధంగా ప్రభుత్వం వదులుకొన్న పన్ను, ధార్మిక సంస్థకు అందిన సొమ్ము కంటే ఎక్కువయ్యే పరిస్థితి ఏర్పడింది. పై ఉదాహరణలో దాత తన ఆదాయంపై నూటికి 20 వంతుల పన్ను కట్టేవాడైతే 480 డాలర్లు ఆదా అవుతాయి. సేవాకార్యానికి దక్కినది అందులో పదిహేనవ వంతు మాత్రమే.

2004 చట్టం, ప్రస్తుత నిబంధనలు

2004 అక్టోబరు 22న సంతకమైన అమెరికన్ జాబ్స్ క్రియేషన్ చట్టం ఈ పద్ధతిని మార్చింది. 2005 జనవరి 1 నుండి చేసిన దానాలకు ఇది వర్తిస్తుంది. ముఖ్యమైన అంశాలు ఇవి:

* మినహాయింపుగా చూపే విలువ 500 డాలర్లకు మించితే, సాధారణంగా సంస్థ ఆ వాహనాన్ని అమ్మగా వచ్చిన మొత్తం ధరకే మినహాయింపు పరిమితమవుతుంది.
* అమ్మకపు ధర 500 డాలర్లు లేదా అంతకు తక్కువైతే, దాత మార్కెట్ విలువను గాని, 500 డాలర్లను గాని, ఏది తక్కువైతే దానిని చూపవచ్చును.
* సంస్థ వాహనాన్ని తన సేవాకార్యాలలో గణనీయంగా వాడుకొన్నా, విలువ పెరిగేటట్లు పెద్ద మరమ్మతులు చేయించినా, పేదవారికి ఉచితంగా లేదా మార్కెట్ ధరకంటే చాలా తక్కువకు ఇచ్చినా, దాత పూర్తి మార్కెట్ విలువను చూపవచ్చును.

విలువ 500 డాలర్లకు మించినప్పుడు సంస్థ 1098-సి అనే పత్రాన్ని గాని, అవే వివరాలున్న రశీదును గాని ఇవ్వాలి. అమ్మిన సందర్భంలో అమ్మకం జరిగిన 30 రోజులలోగాను, పైన చెప్పిన మూడు మినహాయింపులలో దానం చేసిన 30 రోజులలోగాను ఇది దాతకు చేరాలి. దాత దీనిని తన పన్ను రిటర్నుతో జతపరచాలి. అమ్మకపు ధరకు పరిమితం కాని దానం 5,000 డాలర్లకు మించితే అర్హత గల మదింపుదారు చేత విలువ కట్టించడం కూడా అవసరం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. మినహాయింపు లెక్కించేది మొత్తం అమ్మకపు ధర మీద. సంస్థకు చేరేది ఖర్చులు పోగా మిగిలినది. కనుక కొత్త నిబంధన తరువాత కూడా ఈ రెండింటి మధ్య తేడా పూర్తిగా తొలగిపోలేదు.

పన్ను ఎంత తగ్గుతుంది?

మినహాయింపు అనగా ఆ సొమ్ము దాతకు తిరిగి వస్తుందని కాదు. పన్ను లెక్కించే ఆదాయం అంతమేరకు తగ్గుతుంది. కారు 1,000 డాలర్లకు అమ్ముడుపోయి, దాత 22 శాతం పన్ను శ్రేణిలో ఉంటే, తగ్గే పన్ను 220 డాలర్లు. అదే కారును స్వయంగా అమ్ముకొని ఉంటే 1,000 డాలర్లో, అంతకంటే ఎక్కువో చేతికి వచ్చేది. కాబట్టి లాభం కోసమే చేసేవారికి వాహన దానం సరైన మార్గం కాదు.

అంతేగాక ఖర్చులను, విరాళాలను విడివిడిగా చూపే వారికే ఈ తగ్గింపు వర్తిస్తుంది. ప్రామాణిక మినహాయింపును ఎంచుకొన్న వారికి వాహన దానం వలన పన్ను తగ్గదు. 2017 పన్ను చట్టం ఈ ప్రామాణిక మినహాయింపును దాదాపు రెట్టింపు చేయడంతో, 2018 నుండి విడివిడిగా చూపేవారి సంఖ్య బాగా తగ్గింది. 2025 జూలైలో వచ్చిన చట్టం 2026 నుండి ప్రామాణిక మినహాయింపు తీసుకొనేవారికి కూడా కొంత విరాళపు తగ్గింపు కల్పించింది. కాని అది నగదు విరాళాలకు మాత్రమే పరిమితం, వాహనాలకు వర్తించదు.

కార్లనే పంచే సంస్థలు

వెర్మాంట్ రాష్ట్రంలో 1996లో హాల్ కోల్‌స్టన్ స్థాపించిన గుడ్ న్యూస్ గరాజ్, మేరీలాండ్‌లో 1999లో ప్రారంభమైన వెహికిల్స్ ఫర్ చేంజ్ వంటి సంస్థలు దానంగా వచ్చిన కార్లలో తగినవాటిని బాగుచేసి తక్కువ ఆదాయం గల కుటుంబాలకు అందజేస్తాయి. బస్సు సౌకర్యం లేని ఊరిలో, రాత్రి వేళ పనికి వెళ్ళవలసిన తల్లికి కారు ఉంటేనే ఉద్యోగం నిలుస్తుంది. వెహికిల్స్ ఫర్ చేంజ్ జైలు నుండి విడుదలైన వారికి మెకానిక్ పనిలో శిక్షణ కూడా ఇస్తుంది. ఇటువంటి సంస్థలకు ఇచ్చిన కారు విషయంలో దాత ఆశించిన ప్రయోజనం, జరిగిన ప్రయోజనం దగ్గరగా ఉంటాయి.

దాతలు తీసుకొనవలసిన జాగ్రత్తలు

* సంస్థ 501(సి)(3) క్రింద గుర్తింపు పొందినదో లేదో పన్ను శాఖ జాబితాలో చూసుకొనాలి. చర్చిల వంటి కొన్ని సంస్థలు జాబితాలో లేకపోయినా అర్హత కలిగి ఉండవచ్చును.
* అమ్మకపు ధరలో సంస్థకు చేరేది ఎంత, మధ్యవర్తికి పోయేది ఎంత అని ముందే అడగాలి.
* సొమ్ము ఏ పనికి, ఏ ప్రాంతంలో ఖర్చవుతుందో తెలుసుకొనాలి. పేరును బట్టి ఊహించడం సరికాదు.
* యాజమాన్య పత్రంలో కొనుగోలుదారు గడిని ఖాళీగా వదిలివేయరాదు. సంస్థ పేరు రాయాలి.
* వాహనం చేతులు మారినట్లు రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు తెలియజేయాలి. లేనిచో తరువాతి పార్కింగు జరిమానాలు, ప్రమాద బాధ్యతలు పాత సొంతదారుకు చుట్టుకొనవచ్చును.
* రాష్ట్ర నియమాన్ని బట్టి నంబరు పలకలు తీసివేసి, ఆ తరువాతనే బీమా రద్దు చేయాలి.

వీలున్నవారు కారును స్వయంగా అమ్మి, ఆ సొమ్మును విరాళంగా ఇవ్వవచ్చును. అప్పుడు మధ్యవర్తి ఖర్చు లేకుండా మొత్తం సంస్థకే చేరుతుంది.

ప్రవాస తెలుగువారు

చదువు లేదా ఉద్యోగం ముగించుకొని స్వదేశానికి తిరిగివచ్చే తెలుగువారికి కూడా కారును ఏమి చేయాలన్న ప్రశ్న ఎదురవుతుంది. పన్ను విషయంలో ప్రవాసులుగా పరిగణించబడే విదేశీ విద్యార్థులకు అమెరికాలో సాధారణంగా ప్రామాణిక మినహాయింపు లభించదు. కాని భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వలన భారతీయ విద్యార్థులు దానిని పొందవచ్చును. దానిని పొందినవారికి వాహన దానం వలన అదనపు పన్ను ప్రయోజనం ఉండదు. తిరుగు ప్రయాణానికి ముందే యాజమాన్య మార్పిడి పూర్తిచేయడం వీరికి ముఖ్యం.

భారతదేశంలో

భారతదేశంలో వాహన దానం ఇంతగా వ్యవస్థీకృతం కాలేదు. ఇక్కడి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం వస్తురూపంలో ఇచ్చే విరాళాలకు మినహాయింపు లేకపోవడం ఇందుకు ఒక కారణం. ఒక ఆశ్రమానికో, పాఠశాలకో కారు ఇవ్వదలచినవారు రవాణా కార్యాలయంలో 29, 30 నంబరు ఫారాల ద్వారా యాజమాన్యం మార్పించాలి. మార్పించని పక్షంలో ప్రమాద పరిహారానికి రిజిస్టరులో పేరున్న వ్యక్తే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తీర్పు ఇచ్చింది. నడవని వాహనాలను 2021 నిబంధనల క్రింద నమోదైన తుక్కు కేంద్రాలకు అప్పగించి ధ్రువపత్రం పొందవచ్చును.

ఇవి కూడా చూడండి

* విరాళం
* ఆదాయపు పన్ను
* స్వచ్ఛంద సంస్థ
* వేలం