మగ్గం నేతగానిది, రేటు వర్తకునిది

కృత్రిమ మేధ చిన్న పరిశ్రమను నిలబెడుతుందనే వాదం ఈనాడు తరచు వినబడుతోంది. ఈ వాదాన్ని తూచటానికి ఫ్రాన్సులో లియాన్ పట్టు నేతగాళ్ల చరిత్ర ఒకటి చాలు.

1804లో జక్కార్డు రూపొందించిన మగ్గంలో, చిల్లులు పొడిచిన అట్టలే పోగులను ఎత్తేవి. పోగులెత్తే కుర్రవాడి అవసరం తీరిపోయింది. (ఆ అట్టలనే తర్వాత బాబేజి తన గణనయంత్రపు ఊహలోకి తీసుకున్నాడు. ఆ లెక్కన కృత్రిమ మేధకు మగ్గం ముత్తవ్వ!) మగ్గం చిన్న కార్ఖానాదారుదే. కాని పట్టు వర్తకునిది, గిరాకీ వర్తకునిది, నేతకూలి నిర్ణయించేదీ వర్తకుడే. 1831 అక్టోబరులో కుదిరిన కనీసపు రేట్లను వర్తకులు అనేకులు కాదన్నారు. నవంబరులో నేతగాళ్లు తిరగబడి నగరాన్ని పట్టుకున్నారు. యంత్రాన్ని తొలగించమని కాదు వారు కోరింది, రేటు నిలపమని. డిసెంబరులో సైన్యం ప్రవేశించింది, రేట్లు రద్దయినాయి.

నేటి చిన్న వ్యాపారికి ఆ మగ్గం పాటి ఆస్తి కూడా లేదు. లెక్కలు చూసి, జాబులు వ్రాసిపెట్టే మేధ చాలవరకు పెద్ద కంపెనీల యంత్రాలలో ఉంటుంది. అతడు నెలనెలా అద్దె కడతాడు. అద్దె పెంచేదీ, షరతులు మార్చేదీ వారే. ఇక పర్యావరణమంటారా, 2024లో ప్రపంచ విద్యుత్తులో సుమారు ఒకటిన్నర శాతాన్ని డేటా కేంద్రాలు వాడుకున్నాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. అందులో తన వంతు ఎంతో అతని పద్దుపుస్తకంలో కనబడదు.