‘ఇండో-జాజ్ స్యూట్’: రికార్డు నిర్మాత డెనిస్ ప్రెస్టన్ పాత్ర – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

జాజ్ సంగీత చరిత్ర సాధారణంగా వాద్యకారుల చరిత్రగానే కనిపిస్తుంది. ఏ కళాకారులను ఒకచోట చేర్చాలో, ఖర్చు ఎవరు భరించాలో, రికార్డును ఏ సంస్థ ద్వారా విడుదల చేయాలో నిర్ణయించే నిర్మాత అందులో వెనుకనే ఉండిపోతాడు. 1965లో లండన్‌లో రికార్డయి, మరుసటి ఏడాది వెలువడిన ‘ఇండో-జాజ్ స్యూట్’ జో హారియట్, జాన్ మేయర్‌ల కృషిగా ప్రసిద్ధం. ఆ కృషికి వీలు కల్పించిన నిర్మాత డెనిస్ ప్రెస్టన్ (1916–1979) పాత్రను, దాని పరిమితులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రెస్టన్ వృత్తి నేపథ్యం

1948లో విండ్‌రష్ ఓడలో బ్రిటన్ చేరిన ట్రినిడాడ్ గాయకులు లార్డ్ కిచెనర్, లార్డ్ బిగినర్‌ల కాలిప్సో పాటలను 1950లో రికార్డు చేయించినవాడు ప్రెస్టన్. వలస వచ్చిన కళాకారుల సంగీతంపై ఆయనకున్న ఆసక్తి అప్పటికే స్పష్టం. ఆనాటి బ్రిటన్‌లో రికార్డుల నిర్మాణాన్ని ఎక్కువగా కంపెనీల ఉద్యోగులే చూసేవారు. ప్రెస్టన్ మాత్రం లాన్స్‌డౌన్ స్టూడియో కేంద్రంగా స్వతంత్రంగా రికార్డు చేసి, వాటి విడుదల హక్కులను పెద్ద సంస్థలకు ఇచ్చేవాడు. ఆకర్ బిల్క్ క్లారినెట్ రచన ‘స్ట్రేంజర్ ఆన్ ది షోర్’ (1961) వంటి జనాదరణ పొందిన రికార్డులు ఆయనకు ప్రయోగాలు చేయగల బలాన్నిచ్చాయని భావించవచ్చు.

3. కలయిక స్వరూపం

హారియట్ జమైకా నుండి 1951లో బ్రిటన్ వచ్చిన ఆల్టో శాక్సోఫోన్ విద్వాంసుడు. ‘ఫ్రీ ఫామ్’ ద్వారా స్వేచ్ఛా జాజ్‌కు ఐరోపాలో బాట వేసినవారిలో ఒకడు. మేయర్ కలకత్తాలో జన్మించి, లండన్ వాద్యబృందాల్లో పనిచేసిన వయొలిన్ విద్వాంసుడు, స్వరకర్త. మేయర్ రచనను ప్రెస్టన్ అమెరికాలోని అట్లాంటిక్ సంస్థ అధిపతి అహ్మత్ ఎర్టెగన్‌కు వినిపించాడనీ, భారతీయ సంగీతాన్ని జాజ్‌తో కలిపే ఆల్బమ్ ఆలోచన అక్కడే పుట్టిందనీ మేయర్ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు.

ఈ ఆల్బమ్ కోసం జాజ్ పంచకం, సితార్, తబలా, తంబురా, వేణువు, వయొలిన్‌లతో కూడిన మరో పంచకం కలిసి పనిచేశాయి. నాలుగు భాగాల్లో రెండింటి పేర్లు మేఘ్, గౌడ్ సారంగ్ రాగాలవి. మేఘ్ స్వరాలు మన మధ్యమావతి స్వరాలే. జాజ్‌లో మనోధర్మానికి సాధారణ ఆధారం శ్రుతిమేళనాల క్రమం. ఇక్కడ ఆ స్థానాన్ని రాగ స్వరాలు ఆక్రమించాయి. శ్రుతిమేళనాల కట్టుబాటును అంతకుముందే విడిచిన హారియట్, మేయర్ లిఖిత రచన విధించిన కొత్త హద్దులలో వాయించాడు. కనుక ఇది పూర్తి స్వేచ్ఛతో జరిగిన సంభాషణ కాదు, స్వరకర్త ముందుగా గీసిన పరిధిలో సాగిన సంభాషణ.

4. ముగింపు

ప్రెస్టన్ ఈ మార్గాన్ని అంతటితో విడిచిపెట్టలేదు. ‘ఇండో-జాజ్ ఫ్యూజన్స్’ తరువాత, గోవా మూలాలున్న గిటారిస్టు అమాన్సియో డిసిల్వాతో హారియట్ కలిసి వాయించిన ‘హమ్ దోనో’ (1969) కూడా ఆయన నిర్మాణమే. అయితే హారియట్ చివరి సంవత్సరాలు పేదరికంలో గడిచాయి. 1973లో, 44 ఏళ్ల వయసులో మరణించాడు. వలస కళాకారులను ఒక వేదికపైకి తేవడం నిర్మాతకు సాధ్యమైంది. ఆ రికార్డుల కీర్తి మాత్రం వాయించినవారికి స్థిరమైన జీవనాధారం కాలేకపోయింది. సంగీత సమ్మేళనాల చరిత్రను రాసేటప్పుడు ఈ రెండు వాస్తవాలనూ కలిపి పరిశీలించడం అవసరం.