గూని, వృద్ధుల నడక వేగం

వయసు మీరాక వీపు పైభాగం బాగా ముందుకు వంగిపోవడాన్ని గూని అంటారు; వైద్యుల మాటలో హైపర్‌కైఫోసిస్. కొంత వంపు అందరికీ సహజమే. ఎక్స్‌రేలో వంపును కొలిచే కాబ్ కోణం 40 డిగ్రీలు దాటితే ఎక్కువని లెక్క. ఆ కొలతను అమెరికా వైద్యుడు జాన్ కాబ్ 1948లో వివరించింది వెన్ను పక్కకు వంగే జబ్బు కోసం. తర్వాత గూనికీ అక్కరకొచ్చింది.

వంగిన వీపు శరీర భారాన్ని ముందుకు లాగుతుంది. తూలకుండా ఉండాలంటే మోకాళ్లు కాస్త మడిచి, కురచ అడుగులు వేయాలి. ఇక వేగం ఎక్కడిది?

ఎముకలు గుల్లబారి వెన్నుపూసలు నలగడమే గూనికి మూలమని చాలామంది నమ్మకం. అది సగం నిజమే. డిస్కులు అరిగినా, వీపు కండరాలు నీరసించినా పూస విరగకుండానే గూని రావచ్చు.

నడక వేగం చిన్న విషయం కాదు. 34,485 మంది వృద్ధులపై 2011లో వెలువడిన విశ్లేషణ దానికీ ఆయుష్షుకూ సంబంధం ఉందని తేల్చింది. మరి గూని తగ్గితే వేగం పెరుగుతుందా? కాలిఫోర్నియాలో జరిగిన ఒక ప్రయోగంలో 6 నెలల వ్యాయామం వంపును సుమారు 3 డిగ్రీలు తగ్గించింది. నడక వేగం మాత్రం పెరగలేదు.