పన్ను కట్టేది ఎవరు?

ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటూ పెరిగితే దాన్ని పురోగామి పన్ను అంటారు. మోయగలిగినవారే ఎక్కువ మోయాలన్నది దీని న్యాయం.

1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన ఖజానాను నింపడానికి జేమ్స్ విల్సన్ 1860లో ఆదాయపు పన్ను తెచ్చాడు. ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయానికి మినహాయింపు. 500 దాకా 2 శాతం, ఆపైన 4 శాతం. 1886 చట్టం వ్యవసాయ ఆదాయాన్ని మినహాయించింది. కేంద్ర చట్టంలో అది నేటికీ ఉంది.

1927లో బొంబాయి శాసన మండలి బడ్జెట్ చర్చలో అంబేడ్కర్ ఒక తేడా ఎత్తిచూపారు. ఆదాయపు పన్నుకు కనీస పరిమితి ఉంది, భూమిశిస్తుకు లేదు. చిన్న రైతు కూడా కట్టాల్సిందే.

1973-74లో గరిష్ఠ రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. నేడు 30 శాతం, దానిపై సర్‌చార్జి, సెస్. 1985లో ఎస్టేట్ డ్యూటీ, 2015 బడ్జెట్‌తో సంపద పన్ను రద్దయ్యాయి.

ఇక జీఎస్టీకి ఆదాయంతో పనిలేదు. ఫోన్ రీచార్జి మీద కూలీ మహిళా 18 శాతమే కడుతుంది, కోటీశ్వరుడూ 18 శాతమే. ఆమె సంపాదనలో మాత్రం అది పెద్ద ముక్క. దళిత విద్యార్థుల స్కాలర్‌షిప్‌ను 'మా పన్నుల డబ్బు' అనేవారు ఈ లెక్క చూడాలి. ఆ డబ్బులో ఆ విద్యార్థి తల్లి కట్టిందీ ఉంది.