స్త్రీల క్యాన్సరు వ్యాధులు, మైక్రో ఆర్.ఎన్.ఏ.: ఒక చారిత్రక పరిశీలన

తెలుగున క్యాన్సరునకు పుట్టకురుపు, రాచపుండు అను పేర్లు చిరకాలముగా వాడుకలో నున్నవి. రెండును కంటికి కనబడు వ్రణమునుబట్టి పుట్టిన మాటలే. కాని గర్భాశయము, అండాశయము, గర్భాశయ ముఖద్వారము దేహాంతర్భాగమున నుండుటచే, అందలి కురుపు బయటపడునప్పటికి తరచుగా కాలము మించిపోవుచుండెను. కావున ఈ వ్యాధుల చికిత్సా చరిత్ర, కంటికి కనబడని గుర్తుకొరకు సాగిన అన్వేషణ చరిత్రయే యని చెప్పవచ్చును. ఆ చరిత్రలో నొక ముఖ్యఘట్టము తెలుగువాని కృషితో ముడివడియున్నది. కడపటిది మైక్రో ఆర్.ఎన్.ఏ.లది.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భవతులగు మిల్లు కార్మిక స్త్రీలకు కలుగుచున్న తీవ్రమైన రక్తహీనతను పరిశోధించెను. ఈస్టు సారములోని ఏదో యొక పదార్థము వారిని బాగుచేయుచున్నదని ఆమె గ్రహించెను. అదియే తరువాత ఫోలిక్ ఆమ్లమని తేలినది. 1895 జనవరి 12న భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలవారు 1945 నాటికి ఈ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేయగలిగిరి. అంతటితో ఆగక, దానిని పోలియుండియు దాని పనికి అడ్డుపడు పదార్థములను గూడ వారు సృష్టించిరి. వానిలో అమినోప్టెరినును సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరుతో బాధపడు పిల్లలకిచ్చి, తాత్కాలికముగానైనను వ్యాధి తగ్గుటను 1948లో ప్రకటించెను. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావు మరణించెను. దానికి తోబుట్టువగు మెథోట్రెక్సేట్ స్త్రీలకు చేసిన మేలు ఆయన చూడలేదు.

కోరియోకార్సినోమా గర్భధారణకు సంబంధించిన క్యాన్సరు. మావి కణములనుండి పుట్టి ఊపిరితిత్తులకు త్వరగా ప్రాకును. 1956లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్‌జ్ అను వైద్యులు మెథోట్రెక్సేటుతో ఈ వ్యాధిని లొంగదీసిరి. ఇచ్చట లీ పట్టుదల విశేషముగా గమనింపదగినది. ఎక్స్‌రేలో కణితి మాయమైనను రోగి శరీరమున హెచ్.సి.జి. అను హార్మోను ఇంకను కొంచెము కనబడుచుండెను. అది పూర్తిగా పోవువరకు మందు ఆపనని ఆయన కూర్చుండెను. ఆరోగ్యముగా కనబడు మనిషికి విషప్రాయమగు మందిచ్చుట తగదని పై వారు తలచి ఆయనను ఉద్యోగమునుండి తొలగించిరి. ముందుగా మందు మాన్పించిన రోగులకు వ్యాధి తిరుగబెట్టగా, లీ చికిత్స పూర్తిచేసినవారు స్వస్థతతో నిలిచిరి. 1972లో ఆయనకు లాస్కర్ బహుమానము లభించినది. ఆలస్యమైనను న్యాయమే జరిగినది.

ఇక మైక్రో ఆర్.ఎన్.ఏ. మాట. జన్యువులోని ఆజ్ఞను రాయబారి ఆర్.ఎన్.ఏ. కొనిపోగా కణము దాని ననుసరించి ప్రోటీనును నిర్మించును. సుమారు 22 అక్షరముల పొడవుగల చిన్న ఆర్.ఎన్.ఏ. తునక ఆ రాయబారికి అంటుకొని రాయబారమును మధ్యలోనే ఆపగలదని 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ బృందములు కనుగొనినవి. పరిశోధన జరిగినది ఒక మిల్లీమీటరు పొడవుగల పురుగుపైన. ఇది ఆ పురుగునకు మాత్రమే చెందిన వింతయని చాలమంది ఉపేక్షించిరి. 2000లో లెట్-7 అను రెండవ తునక మనుష్యులలోను కలదని తెలిసిన పిమ్మట శాస్త్రలోకము మేల్కొనినది. వారిరువురకు నోబెల్ బహుమానము 2024లో వచ్చినది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు హెచ్.పి.వి. అను వైరసు కారణమని నిరూపించిన హరాల్డ్ జుర్ హౌసెన్ 2008లో నోబెల్ పొందెను. ఆ వైరసులోని ఇ6 ప్రోటీను, కణమునకు కావలికాయు పి53 ప్రోటీనును నాశనము చేయును. పి53 ఆజ్ఞచే పెరుగవలసిన మైక్రో ఆర్.ఎన్.ఏ.-34ఎ గూడ అందుచే తగ్గిపోవును. కావలివాడు పోగా వాని చేతిక్రింది బంటును పోయినట్లే. అండాశయ క్యాన్సరున లెట్-7 తరచుగా క్షీణించియుండును. ఆ రోగుల రక్తములోని సూక్ష్మ సంచులయందు మైక్రో ఆర్.ఎన్.ఏ.లు కలవని 2008లో వెల్లడియైనది. మావినుండి వెలువడు మైక్రో ఆర్.ఎన్.ఏ.లు తల్లి రక్తములో చేరి, కాన్పు తరువాత తగ్గిపోవునని ఆ సంవత్సరమే హాంకాంగు శాస్త్రజ్ఞులు చూపిరి. మావి పంపు హెచ్.సి.జి.ని లీ నమ్ముకొనిన సంగతి ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు.

అయినను ఆశకు హద్దు అవసరము. తీసిన రక్తములో ఎర్రకణములు పగిలినచో వానిలోని మైక్రో ఆర్.ఎన్.ఏ.లు కలిసి లెక్క తారుమారగును; ఒక ప్రయోగశాల ఫలితము మరియొకచోట నిలువకుండుటయు కలదు. 34ఎను అనుకరించి చేసిన మందును క్యాన్సరు రోగులపై పరీక్షించుచుండగా తీవ్రమైన దుష్ఫలితములు కలిగి 2016లో నిలిపివేసిరి. స్త్రీల క్యాన్సరులను ముందుగా పట్టుటకు మైక్రో ఆర్.ఎన్.ఏ. పరీక్ష సాధారణ వైద్యములో ఇంకను నెలకొనలేదు.

బెంగళూరులో కిద్వాయి క్యాన్సరు సంస్థ 1973లో వెలసినది. ఆనేకల్ తాలూకాలోనే బొమ్మసంద్రలో 2009 నుండి పెద్ద క్యాన్సరు వైద్యశాల కలదు. వైద్యశాల దగ్గరనుండుట వేరు, వేళకు పరీక్ష జరుగుట వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30–49 ఏండ్ల భారత స్త్రీలలో ముఖద్వార పరీక్ష ఎన్నడైన చేయించుకొనినవారు నూటికి ఇద్దరైనను లేరు. 2022లో దేశమున ఈ ఒక్క క్యాన్సరుచే మరణించిన స్త్రీలు సుమారు 80 వేలమందియని అంచనా.

భాషయు ఇందొక చిక్కే. ఇంట తెలుగు, కార్యాలయమున కన్నడము, వైద్యుని కాగితమున ఇంగ్లీషు గల ఈ సరిహద్దు తాలూకాలో, దుర్వాసనతోడి తెల్లబట్టయని, ముట్లుడిగిన తరువాత రక్తము కనబడుచున్నదని తల్లి కూతురితోనైనను చెప్పుటకు సంకోచించును. అవి వెంటనే వైద్యునికి చెప్పవలసిన గుర్తులు. ముఖద్వార పరీక్ష మాత్రము ఏ బాధయు లేనప్పుడే చేయించుకొనవలసినది. అందులకు ఖరీదైన యంత్రమే కావలెనని లేదు. 1998లో ముంబయి పేదవాడలలో ఆరంభమైన పరిశోధనయందు పదవతరగతి చదివిన స్త్రీలకు శిక్షణనిచ్చి, పలుచని వెనిగరుతో ముఖద్వారమును పరీక్షింపజేసిరి. చెడిన కణజాలము నిమిషములో తెల్లబడి కనబడును. ఆ వాడలలో ఈ క్యాన్సరు మరణములు నూటికి 31 వంతులు తగ్గెనని 2013లో తేలినది.